మోడు దగ్గర మొదలయ్యే తెగులు

కోనసీమ కొబ్బరిలోనూ గోదావరి జిల్లాల పామాయిల్ తోటల్లోనూ మొదలుకుళ్ళు కంటికి కనిపించేసరికి చెట్టు సగం పోయి ఉంటుంది. దాన్ని ముందే పట్టుకోవాలంటే ప్రతి ఊరికీ ఒక తెగులు పటం ఉండాలి.

కొబ్బరి చెట్టు మొదట్లో, నేలకు జానెడు ఎత్తున, కాండం పగుళ్లలోంచి ముదురు గోధుమరంగు బంక కారుతూ కనబడితే రైతు గుండె జారిపోతుంది. ఊళ్లో బంక తెగులనీ ఎర్రలక్క తెగులనీ పిలిచేది, ఉద్యాన శాస్త్రవేత్తలు గానోడెర్మా అనేది దీన్నే. ఆ బంకే తొలి లక్షణమని చాలామంది అనుకుంటారు. కానీ అప్పటికే నేల కింద జరగవలసిందంతా జరిగిపోయి ఉంటుంది. ఈ శిలీంధ్రం ముందు వేళ్లలోకి దిగుతుంది. వేళ్లను కుళ్లబెట్టుకుంటూ దుంపలోకి, దుంపలోంచి కాండం మొదట్లోకి ఎక్కుతుంది. మానుకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను సైతం విరగ్గొట్టి తినగల కొద్దిపాటి జీవుల్లో ఇదొకటి. అది మేసిన చోట కాండం పీచుపీచుగా గుల్లబారిపోతుంది.

మామిడికో చింతకో గాయమైతే బెరడు కింద ఉండే జీవపొర కొత్త కణజాలాన్ని పుట్టించి గాయాన్ని పూడ్చుకుంటుంది. కొబ్బరి, తాడి, పోక, పామాయిల్ చెట్లకు ఆ పొర లేదు. పుట్టినప్పటి కాండమే వాటికి చివరిదాకా ఆధారం. అందులో పోయిన భాగం మళ్లీ రాదు. వేళ్లకు మాత్రం కొదవలేదు. ఆరోగ్యంగా ఉన్న నడివయసు కొబ్బరి చెట్టుకు 4,000 నుంచి 7,000 వేళ్లుంటాయి. అందుకే కొన్ని వందల వేళ్లు కుళ్లిపోయినా పైన ఆకు పచ్చగానే ఉంటుంది, గెల వేస్తూనే ఉంటుంది, దింపు వస్తూనే ఉంటుంది. రైతుకు అనుమానం రావడానికి కారణమే కనిపించదు.

తర్వాత ఒక్కొక్కటే బయటపడుతుంది. అడుగు మట్టలు పసుపుబారి, వాడి, కాండాన్ని చుట్టుకుని కిందికి వేలాడతాయి. కొత్తగా వచ్చే మట్టలు పొట్టిగా వస్తాయి. తల చిక్కిపోతుంది, పూత తగ్గుతుంది, పిందె రాలుతుంది. బంక మనిషి ఎత్తు దాటి పైకి పాకుతుంది. చివరికి మొదట్లో, ఒక్కోసారి చెట్టు చచ్చాక మోడు మీద, మెరిసే ఎర్రని పైభాగం, తెల్లని అంచు ఉన్న గట్టి పుట్టగొడుగు లేస్తుంది. కొన్ని చెట్లు నెలల్లోనే పోతాయి. కొన్ని ఏళ్ల తరబడి ఈడుస్తాయి. ఇదే శిలీంధ్రం జాతి పామాయిల్ తోటల్లో చేసే నష్టాన్ని ఆగ్నేయాసియా దేశాల్లో దశాబ్దాలుగా పరిశీలిస్తున్నారు. ఆకుల మీద లక్షణం కనిపించేనాటికి చెట్టు మొదట్లోని కణజాలంలో కనీసం సగం చచ్చి ఉంటుందని అక్కడ తేలింది.

సగం పోయాక మందు వేసి చెట్టును నిలబెట్టడం చాలా కష్టం. కాబట్టి ఈ తెగులు విషయంలో మందు కంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఇవాళ పచ్చగా కనిపిస్తున్న చెట్లలో రేపు పోయేవి ఏవి? దానికి జవాబు ఒక్క చెట్టును ఎంత పరీక్షించినా పూర్తిగా దొరకదు. తోటలో, ఊళ్లో, ఆయకట్టులో ఆ చెట్టు ఎక్కడ నిలబడి ఉంది, దాని పక్కన గతంలో ఏం చచ్చింది అన్నది తెలిస్తే దొరుకుతుంది.

గోదావరి గడ్డ మీద నూరేళ్ల కిందటి గాలింపు

తెగులు కోసం ఊరూరా చెట్లు గాలించడం గోదావరి డెల్టాకు కొత్త కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో గోదావరి, కృష్ణా జిల్లాల్లో తాటిచెట్లు మొవ్వు కుళ్లి మూకుమ్మడిగా చచ్చిపోయాయి. కొబ్బరికీ ఆ తెగులు సోకింది. ఇంటి కప్పు తాటాకుది, దూలం తాటిమానుది, కల్లు, ముంజలు, తాండ్ర, తేగలు అన్నీ ఆ చెట్టువే. తాడి పోవడమంటే ఊరి బతుకు పోవడమే. అప్పటి మద్రాసు ప్రభుత్వం కదిలింది. భారత ప్రభుత్వ శిలీంధ్ర శాస్త్రవేత్తగా బీహారులోని పూసాలో పనిచేస్తున్న ఎడ్విన్ జాన్ బట్లర్ ఈ తెగులును పరిశోధించారు. కుళ్లిన మొవ్వుల్లోంచి తీసిన జీవికి 1907లో పిథియం పామివోరం అని పేరు పెట్టారు. తర్వాత అది ఫైటోఫ్తోరా పామివోరాగా మారింది. ఇవాళ ప్రపంచమంతటా కోకో కాయలను నల్లగా కుళ్లబెట్టే జీవుల్లో అదొకటి. కొబ్బరి నీడన కోకో వేసుకున్న రైతులు వానాకాలంలో దాని పని చూస్తూనే ఉన్నారు.

నిక్కచ్చిగా చెప్పాలంటే ఫైటోఫ్తోరా అసలు శిలీంధ్రం కాదు. నాచుకు దగ్గర బంధువైన నీటి బూజుల వర్గానికి చెందింది. కానీ దాని మీద సాగిన ఉద్యమం నుంచి మనం నేర్చుకోవలసింది చాలా ఉంది. ప్రత్యేక సిబ్బంది ఊరి తర్వాత ఊరు తిరిగి తాటిచెట్లను తనిఖీ చేశారు. తెగులు సోకిన చెట్ల తలలు నరికించి కాల్పించారు. చుట్టుపక్కల ఊళ్లలో మళ్లీ మళ్లీ గాలించారు. ఈ పని ఏళ్ల తరబడి సాగింది. నరికిన తలలు లక్షల్లో ఉన్నాయి. దక్షిణ భారతంలో జరిగిన ఆ ఉద్యమ చరిత్రను మెక్‌రే అనే శాస్త్రవేత్త 1923లో గ్రంథస్థం చేశారు. తెగులు ఎక్కడుంది, ఎటు పాకుతోంది అన్న లెక్క చేతిలో ఉండబట్టే ఆ పని అంతకాలం ఒక పద్ధతి ప్రకారం జరిగింది.

అప్పటి సిబ్బందికి ఒక అనుకూలత ఉంది. మొవ్వుకుళ్ళు తల మీద కనిపించే తెగులు. వాడిన మొవ్వను దారిన పోయేవాడు కూడా గుర్తుపట్టగలడు. గానోడెర్మా నేల కింద నడుస్తుంది. నడిచి చూసిన కంటికి అది ఆలస్యంగానే దొరుకుతుంది. అందుకే ఇప్పుడు కంటికి తోడుగా ఆకాశంలోని కెమెరా, ప్రయోగశాలలోని పరీక్ష, వీటన్నిటికంటే ముఖ్యంగా ఊళ్లో రాసిపెట్టుకునే లెక్క కావాలి.

ఆకాశం నుంచి చూస్తే ఏం కనిపిస్తుంది

పంట తెగులును విమానంలోంచి ఫొటో తీసి చూడాలన్న ఆలోచన వేరుకుళ్ళుతోనే మొదలైంది. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో పత్తిని నాశనం చేసే వేరుకుళ్ళు శిలీంధ్రం ఒకటుంది. పీచ్, ఆపిల్ తోటలనూ అది వదలదు. చేనులో గుండ్రటి మచ్చలుగా మొక్కలు చచ్చిపోతాయి. 1929లో టాబెన్‌హౌస్, ఎజీకియెల్, నెబ్లెట్ అనే ముగ్గురు ఆ మచ్చలను విమానం నుంచి తీసిన ఫొటోల సాయంతో పరిశీలించి ప్రచురించారు. నేల మీద నిలబడి చూస్తే చచ్చిన మొక్కలుగానే కనిపించేవి పైనుంచి చూస్తే ఆకారమున్న మచ్చలయ్యాయి. 1960లలో ఫ్లోరిడాలో నారింజ, బత్తాయి తోటల మీద పరారుణ ఫిల్ముతో ఫొటోలు తీసి, క్షీణిస్తున్న చెట్లను గుర్తించే ప్రయత్నం జరిగింది.

పరారుణం ఎందుకంటే, ఆరోగ్యమైన ఆకు లోపలి కణాల అమరిక కంటికి కనిపించని ఆ కాంతిని బాగా తిప్పికొడుతుంది. ఎరుపు కాంతిని మాత్రం పత్రహరితం పీల్చేసుకుంటుంది. ఆకు నీరసించినప్పుడు ఈ రెండింటి నిష్పత్తి మారుతుంది. ఎరుపుకూ పరారుణానికీ మధ్యనున్న సన్నని పట్టీలో మార్పు మన కంటికి పసుపు కనిపించకముందే తెలుస్తుంది. వేళ్లు కుళ్లి నీరు అందని చెట్టు ఆకుల ద్వారా ఆవిరి వదలడం తగ్గించుకుంటుంది. అప్పుడు తల వేడెక్కుతుంది. ఆ వేడిని ఉష్ణ కెమెరా పట్టుకుంటుంది.

విషయం ఇంతవరకే అయితే ఉపగ్రహం చిత్రం తెరిచి ఎర్రచుక్కలు పెట్టేస్తే సరిపోయేది. కోనసీమలో అది అంత తేలిక కాదు. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. రెండు ఉపగ్రహాలు కలిసి దాదాపు 5 రోజులకోసారి అదే చోటిని చూస్తాయి. కానీ ఆ చిత్రంలో ఒక చుక్క అంటే నేల మీద 10 మీటర్ల చదరం. కొబ్బరిని నాటేది సుమారు 8 మీటర్ల ఎడంలో. ఒక చుక్కలో ఒక చెట్టు, పక్క చెట్టు మట్టలు, కింద కోకో, మధ్యలో అరటి, గట్టున గడ్డి అన్నీ కలిసిపోతాయి. చెట్టు చెట్టునా జబ్బు తెలుసుకోవడానికి అది చాలదు. డ్రోన్ అయితే కొన్ని సెంటీమీటర్ల వివరంతో చూపిస్తుంది. నక్షత్రంలా విచ్చుకున్న కొబ్బరి తలలను కంప్యూటర్ చక్కగా లెక్కపెడుతుంది, తల చుట్టుకొలత కొలుస్తుంది. పెద్ద పెద్ద ఎస్టేట్లలో ఒకే వయసు చెట్లు వరసగా నిలబడే మలేషియా పామాయిల్ తోటల్లో ఈ పద్ధతి మీద చాలా పరిశోధన జరిగింది. ఆ లెక్కలను యథాతథంగా తెచ్చి అంబాజీపేట పరిసరాల తోటల మీద పెడితే పొరపాట్లు తప్పవు. ఇక్కడ తాత నాటిన చెట్టు పక్కనే మనవడు నాటిన మొక్క ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు లక్షణాలు ఒకదాన్ని పోలి ఒకటి ఉండటం. కొబ్బరి తల చిక్కిపోవడానికి గానోడెర్మా ఒక్కటే కారణం కాదు. పొటాష్ లోపం ఉన్నా అడుగు మట్టలు పసుపుబారతాయి. 2016 ప్రాంతం నుంచి మన తోటల్లోకి వచ్చిపడిన సర్పిలాకార తెల్లదోమ విసర్జించే తీపి జిగురు మీద నల్లటి మసి పెరిగి మట్టలన్నీ నల్లబడతాయి. కెమెరాకు అది చావుబతుకుల చెట్టులా కనిపిస్తుంది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి ఉప్పునీరు ఎగదన్ని తోటలకు తోటలే తలలు రాల్చుకున్న సంగతి రాష్ట్రమంతా చూసింది. అక్కడ చెట్లను చంపింది శిలీంధ్రం కాదు, సముద్రపు పోటు. పైనుంచి తీసిన చిత్రంలో రెండు చావులూ ఒకేలా ఉంటాయి. ఉప్పునీటి చావుకు బంక తెగులు మందు పోస్తే ఖర్చు తప్ప ఫలితం ఉండదు. బంక తెగులును ఉప్పు అనుకుని వదిలేస్తే పక్క చెట్లన్నీ పోతాయి. కారణం తేల్చని పటం రైతుకు మేలు చేయదు సరికదా, కీడు చేసే అవకాశం కూడా ఉంది.

డ్రోన్‌తో చేయించవలసిన మొదటి పని తెగులు పటం కాదు, ఖాళీల పటం అన్నది నా అభిప్రాయం. చెట్టు ఉండవలసిన వరసలో చెట్టు లేని చోటు ఏ కెమెరాకైనా తెలుస్తుంది. అందులో తప్పుపోయే అవకాశం తక్కువ. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు కూడా ఉచితంగానే దొరుకుతాయి. ఒకే తోటను ఏడాది వెంట ఏడాదిగా తిరగేస్తే ఖాళీలు ఎక్కడ మొదలై ఎటు పెరిగాయో బయటపడుతుంది. ఒక మూల నుంచి ఏటేటా ఒకటి రెండు చొప్పున పక్కపక్కనే చెట్లు మాయమవుతుంటే నేల కింద ఏదో నడుస్తోందని అర్థం. కాలువ వెంట వరసగా పోతే నీటిని అనుమానించాలి. ఒక్క ఏడాదిలో ఊరంతా చెదురుమదురుగా పోతే తుపాను. 1996 నవంబరు 6న కోనసీమ మీద విరుచుకుపడిన తుపాను కూల్చిన కొబ్బరి తోటలను ఆ తరం వాళ్లెవరూ మరిచిపోలేదు. చెట్లు పోయిన తీరే కారణం వైపు వేలు చూపిస్తుంది.

నేల మీద నిలబడి

ఖాళీలు తెలిశాక వాటి చుట్టూ నిలబడి ఉన్న చెట్లను పరీక్షించాలి. వైద్యుడు రోగి పొట్టమీద వేళ్లతో తట్టి వినే పద్ధతిలోనే అనుభవమున్న రైతు కత్తి మడమతో కాండం మొదలు తట్టి చూస్తాడు. బోలు శబ్దం వస్తే లోపల పుచ్చిందని తెలుసుకుంటాడు. ఈ విద్యనే యంత్రం చేత చేయిస్తున్నారు. కాండం చుట్టూ సెన్సార్లు బిగించి చిన్న సుత్తితో కొడితే శబ్దం ఒకవైపు నుంచి మరోవైపుకు ఎంతసేపట్లో చేరిందో కొలుస్తారు. గట్టి భాగంలో శబ్దం వేగంగా, కుళ్లిన భాగంలో నెమ్మదిగా నడుస్తుంది. ఆ లెక్కతో కాండం అడ్డకోత బొమ్మ తయారవుతుంది. మలేషియా పామాయిల్ బోర్డు ఈ పద్ధతిని గానోస్కెన్ పేరుతో తమ తోటలకు అనువుగా మలుచుకుంది. ఎస్టేటుకు అది బాగుంటుంది. ఎకరానికి అరవై చెట్లున్న చిన్న రైతుకు ప్రతి చెట్టునూ అలా చూడటం అయ్యే పని కాదు. ఖాళీల చుట్టూ ఉన్న చెట్లకే పరిమితమైతే ఆ పని ఊరి స్థాయిలో సాధ్యమే.

ఇంకా ముందే పసిగట్టాలంటే వేరు ముక్కో, మొదట్లో తొలిచి తీసిన పొట్టో ప్రయోగశాలకు వెళ్లాలి. శిలీంధ్రం డీఎన్ఏను పీసీఆర్ పద్ధతిలో పెంచి గుర్తిస్తారు. ల్యాంప్ అనే పరీక్షకైతే ఉష్ణోగ్రతను పెంచుతూ తగ్గిస్తూ ఉండే యంత్రం అక్కర్లేదు. సుమారు 65 డిగ్రీల వద్ద స్థిరంగా ఉంచితే చాలు, రంగు మార్పుతో ఫలితం తెలుస్తుంది. తోట గట్టు మీదకు తీసుకెళ్లగల పరీక్ష ఇది. కోనసీమలో అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం, ఏలూరు దగ్గర పెదవేగిలో భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్నాయి. ఊళ్లో వచ్చిన అనుమానం అక్కడిదాకా చేరే దారి సుగమం కావాలి.

ఈ మొత్తం వ్యవహారంలో మనం పట్టించుకోని ఒక మనిషి ఉన్నాడు. నెలన్నరకో రెండు నెలలకో ప్రతి చెట్టునూ ఎక్కి తలలో కూర్చుని గెలలు కోసే దింపు కార్మికుడు. మొవ్వ ఎలా ఉంది, కొత్త మట్ట ఎంత వచ్చింది, పూత ఎన్ని పాయలు వేసింది, మాను ఎక్కుతుంటే ఎక్కడ మెత్తగా తగిలింది, ఎక్కడ ఊగింది అన్నీ అతనికి తెలుసు. ఏ ఉపగ్రహమూ అంత దగ్గరగా చూడదు. అంత తరచుగా, అంత శ్రద్ధగా చెట్టును చూసేవాడు మరొకడు లేడు. అయినా తెగులు లెక్కల్లో అతని మాటకు చోటు లేదు. అతనికి ఒక రంగు డబ్బా ఇచ్చి, అనుమానమున్న చెట్టుకు గుర్తు పెట్టమని అడిగి, గుర్తుకింత అని కూలితో పాటు ఇస్తే ఏడాదిలో ఆరేడుసార్లు తోటంతా సర్వే అయినట్టే. పైగా ఇది అతని ప్రాణానికి సంబంధించిన విషయం. మొదలు పుచ్చిన చెట్టు గాలికి విరుగుతుంది, మనిషి బరువుకు కూడా విరగవచ్చు. తెగులు పటం ముందుగా రక్షించవలసింది కాయల్ని కాదు, చెట్టెక్కే మనిషిని.

వేరు దారి, గాలి దారి

నేల కింద శిలీంధ్రం ఎంత దూరం పాకగలదో చెప్పడానికి శాస్త్రవేత్తలు తరచూ అమెరికాలోని ఓరెగాన్ అడవిని చూపిస్తారు. అక్కడి మాల్హ్యూర్ అడవిలో ఆర్మిల్లేరియా అనే వేరుకుళ్ళు శిలీంధ్రం ఒక్కటే సుమారు 2,385 ఎకరాల్లో పరుచుకుని ఉందని 2003లో ప్రచురించారు. అదంతా ఒక్క జీవే అని ఎలా తెలిసిందంటే, వేర్వేరు చోట్ల తీసిన నమూనాలను ఒకే గాజు పళ్లెంలో పక్కపక్కన పెంచారు. ఒకే జీవి ముక్కలైతే అవి కలిసిపోతాయి. వేర్వేరు జీవులైతే మధ్యలో గీత గీసుకుని విడిగా నిలబడతాయి. దీనికి డీఎన్ఏ సాక్ష్యం తోడైంది. పళ్లెంలో కలిసిన నమూనాలను పటం మీద కలుపుకుంటూ పోతే హద్దులు తేలాయి.

ఇదే పరీక్షను 1990లలో ఆగ్నేయాసియా పామాయిల్ తోటల్లోని గానోడెర్మా మీద చేసి చూస్తే ఫలితం ఇంకోలా వచ్చింది. పక్కపక్క చెట్లలో ఉన్నవి కూడా తరచుగా వేర్వేరు జీవులే. అంటే తెగులు వేరు నుంచి వేరుకు మాత్రమే పాకడం లేదు. గాలిలో కొట్టుకొచ్చే బీజాల పాత్ర కూడా ఉంది. గానోడెర్మా జాతిలో ఒక పెద్ద పుట్టగొడుగు రోజుకు 3,000 కోట్ల దాకా బీజాలు వదలగలదని చాలాకాలం కిందటే లెక్కగట్టారు. వాటిలో బతికేవి బహు తక్కువ. కానీ కొత్తగా నరికిన మోడు, కోత పడిన మట్ట మొదలు వాటికి చోటిస్తాయి. కాబట్టి పటం మీద రెండు రకాల గుర్తులుండాలి: చచ్చిన చెట్లు, మోళ్లు ఒకటి, పుట్టగొడుగు లేచిన చోటు మరొకటి. మొదటిది వేరు దారిని చూపిస్తుంది, రెండోది గాలి దారిని. కంచెలో ఉన్న సరుగుడు, కానుగ మోళ్లను కూడా రాసుకోవాలి. ఈ శిలీంధ్రం వాటి మీదా బతుకుతుంది.

మోడు మీద ఇంత పట్టుబట్టడానికి కారణం మలేషియా అనుభవం. అక్కడి పశ్చిమ తీరంలో కొబ్బరి తోటలు కొట్టేసి పామాయిల్ వేసిన నేలల్లో తెగులు ముందుగా, నాలుగైదేళ్ల లేత తోటల్లోనే కనిపించిందని 1960లలోనే రాశారు. పాత కొబ్బరి మోళ్లు నేలలోనే ఉండిపోవడం దానికి కారణం. పామాయిల్ తీసేసి మళ్లీ పామాయిల్ వేసిన చోట కూడా తరం తరానికీ తెగులు పెరుగుతూ వచ్చింది.

ఇది మనకు నేరుగా తగిలే విషయం. ఉమ్మడి పశ్చిమ గోదావరిలో 1990ల నాటి పామాయిల్ తోటలు ఇప్పుడు ముసలివయ్యాయి. వాటి ఆర్థిక ఆయుష్షు 25 నుంచి 30 ఏళ్లు. ఒక్కొక్కటిగా కొట్టేసి అదే నేలలో మళ్లీ నాటే దశ వచ్చింది. 2021లో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో ఆయిల్‌పామ్ జాతీయ పథకం ప్రకటించాక తెలంగాణ జిల్లాల్లో కొత్త తోటలు జోరుగా పడుతున్నాయి. హెక్టారుకు 143 మొక్కల చొప్పున వేల ఎకరాల్లో ఒకే రకం చెట్టు ఒకే వయసులో నిలబడబోతోంది. వరి పొలంలోనో మెట్ట చేలోనో కొత్తగా వేసిన తోటకు ఇవాళ భయం తక్కువ. కొబ్బరి కొట్టిన నేలలో, పాత పామాయిల్ కొట్టిన నేలలో వేసే రైతుకు మాత్రం మొక్క పంపిణీ రోజునే ఈ మాట చెప్పాలి. రాయితీ కాగితంతో పాటు మోడు తొలగించే ఖర్చు కూడా పథకంలో ఉండాలి. గొడ్డలితో నేలమట్టంగా నరికి పైన మట్టి కప్పితే మోడు పోయినట్టు కాదు. దుంపతో, దగ్గరి వేళ్లతో సహా తవ్వి తీసి, ముక్కలు చేసి కాల్చాలి. ఎక్స్‌కవేటర్ అద్దె చిన్న రైతుకు భారమే. కానీ పాతికేళ్లు బతకవలసిన తోటను పదేళ్లకే పోగొట్టుకోవడం అంతకంటే పెద్ద భారం.

పటం చేతికొచ్చాక

తెగులు గుర్తించిన చెట్టు చుట్టూ అడుగు వెడల్పున, రెండు మూడు అడుగుల లోతున కందకం తవ్వితే వేళ్ల దారి తెగుతుంది. తెగులు చెట్టు పాదులోంచి మంచి చెట్టు పాదులోకి నీరు పారకుండా దేనికది విడిగా తడి పెట్టాలి. ఏటా చెట్టుకు 5 కిలోల వేపపిండి, దానితో ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం కలిపి పాదులో వేయడం, దుక్కి తగ్గించి వేళ్లకు గాయం కాకుండా చూడటం, వేసవిలో తడి ఆరనివ్వకపోవడం సిఫారసుల్లో ఉన్నాయి. అరటిని అంతరపంటగా వేసిన తోటల్లో ఉధృతి తక్కువగా ఉంటుందని కూడా చెబుతారు. వేరు ద్వారా శిలీంధ్రనాశిని ఎక్కించే పద్ధతి తొలి దశలో ఉన్న చెట్టుకే పనికొస్తుంది. మోతాదు, కాయ కోతకు ఆగవలసిన గడువు పరిశోధన కేంద్రంలో అడిగి తెలుసుకునే వాడాలి. ఇసుక నేలల్లో, వానే ఆధారమైన తోటల్లో తెగులు ఎక్కువ కాబట్టి తీర గ్రామాలతో పటం పని మొదలుపెట్టడం న్యాయం.

ఈ పనులేవీ ఒక్క రైతు చేస్తే ఫలించేవి కావు. నా తోటలో కందకం తవ్వి, గట్టు అవతల పక్క రైతు మోడు మీద పుట్టగొడుగు వదిలేస్తే నా కందకం సగం వృథా. వేళ్లకు సర్వే రాళ్లు అడ్డు రావు. గాలికి అసలే హద్దు లేదు. ఇందుకు చట్టం కూడా మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. 1919 నాటి మద్రాసు వ్యవసాయ చీడపీడల చట్టం ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్ర ప్రాంత చట్టంగా కొనసాగుతోంది. ఒక తెగులునూ, అది సోకిన ప్రాంతాన్నీ ప్రకటించి, అక్కడి సాగుదారులంతా ఫలానా నివారణ చర్య తీసుకోవాలని ఆదేశించే అధికారం ప్రభుత్వానికి అది ఇస్తుంది. అయితే ఏ ప్రాంతమో చెప్పడానికి పటం లేకుండా ప్రకటన ఎలా వస్తుంది?

పటం వేయడానికి కావలసినవన్నీ ఊళ్లోనే ఉన్నాయి. ప్రతి సర్వే నంబరుకూ హద్దులతో పటం రెవెన్యూ దగ్గర ఉంది. ఈ-పంట నమోదులో ఏ నంబరులో ఏ పంట అన్నది ఏటా ఫోనుతోనే నమోదు చేస్తున్నారు. ఉద్యాన సహాయకులు రైతు సేవా కేంద్రాల్లో ఉన్నారు. కొబ్బరి, పామాయిల్ ఉన్న నంబర్లకు అదే నమోదులో మూడు ప్రశ్నలు చేర్చాలి. ఈ ఏడాది చచ్చిన చెట్లు ఎన్ని? మోడు తీశారా? బంకగానీ పుట్టగొడుగుగానీ కనిపించిందా? చచ్చిన చెట్టు దగ్గర నిలబడి ఒక ఫొటో తీస్తే దాని చోటు దానంతటదే నమోదవుతుంది. మూడేళ్లు ఇలా చేస్తే ఊరి తెగులు పటం తయారు. దాన్ని బట్టి ఎక్కడ డ్రోన్ ఎగరాలో, ఎక్కడ శబ్ద పరీక్ష చేయాలో, ఏ చెట్టు వేరు ప్రయోగశాలకు పంపాలో తేలుతుంది. ఖరీదైన పరికరం అవసరమైన చోటికే వెళుతుంది.

ఈ పటంతో రైతుకు నష్టం రాకుండా చూడటం కూడా ప్రభుత్వ బాధ్యతే. తన తోటలో తెగులుందని చెప్పిన రైతుకు భూమి ధర పడిపోతుందనో, అప్పు పుట్టదనో భయం ఉంటే ఎవరూ నిజం చెప్పరు. చెప్పినవాడికి మోడు తవ్వే ఖర్చు, మళ్లీ నాటడానికి మొక్కలు ముందుగా అందాలి. కౌలు రైతు చెప్పినా అంతే లెక్క. తోట చూసేది అతనే.

అధికారులు ఎప్పుడు కదులుతారో అని ఎదురుచూడనక్కర్లేదు. వచ్చే దింపు రోజున తోటలో ఉండండి. దిగిన మనిషిని ఏ చెట్టు తేడాగా ఉందో అడగండి. ఆ చెట్టుకు గుర్తు పెట్టండి. నోట్‌బుక్‌లో వరస, చెట్టు నంబరు, తేదీ రాయండి. పక్క తోటవాళ్లను కూడా రాయమనండి. పుట్టగొడుగు కనిపిస్తే తీసి కాల్చండి. తోటలో పాత మోడు ఉంటే ఈ వేసవి దాటకుండా దుంపతో సహా తవ్వించండి. ఆ సర్వే నంబరును రైతు సేవా కేంద్రంలో రాయించి, రాశారో లేదో చూసి రండి.